సాక్షి జవాబు చెప్పలేదు

“వాళ్ళు మాట్లాడతారు, నువ్వు రాస్తావు. అలిసిపోవడానికి అందులో ఏముంది చెప్పు?”

బీన్స్‌కి ఈనెలు తీస్తూ ఆమె ఆ మాట విన్నది. వినడం ఇదేమీ మొదటిసారి కాదు. పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళలో ఎన్నిసార్లు విన్నదో గుర్తు లేదు గానీ, ఎన్ని రకాలుగా విన్నదో మాత్రం బాగా గుర్తుంది. కొత్తలో ముద్దుగా, తర్వాత విసుగ్గా, చుట్టాలు వచ్చినప్పుడు నవ్వులాటగా. ఈసారి ఆయన టీవీ ముందు కూర్చుని, కాళ్ళు బల్ల మీదికి చాపుకుని, ఇటు తిరగకుండానే అన్నాడు. మెడ లాగేస్తోందని ఆమె అన్నందుకు వచ్చిన జవాబు అది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అనలేదు. మామూలు వినేవాడే లోకువైతే, వినడానికే జీతం తీసుకునే మనిషి ఇంకెంత లోకువ! ఆమె కోర్టు రిపోర్టరు. జడ్జిగారి బల్లకి సరిగ్గా కింద, సాక్షి నిలబడే బోనుకి రెండడుగుల దూరంలో ఒక చిన్న కుర్చీ, ఒక చిన్న బల్ల, ఆ బల్ల మీద నోటుపుస్తకం, చెక్కి పెట్టుకున్న ఆరు పెన్సిళ్ళు. వాళ్ళు మాట్లాడతారు, నిజమే. ఎలా మాట్లాడతారో ఆయన ఒక్కరోజు వచ్చి చూస్తే బాగుండును. లాయరు ప్రశ్న పూర్తి కాకుండానే సాక్షి జవాబు అందుకుంటాడు. ఆ జవాబు సగంలో ఉండగానే అవతలి లాయరు లేచి అభ్యంతరం అంటాడు. ముగ్గురి మీదా కలిపి జడ్జిగారు కేకలేస్తారు. నోళ్ళు నాలుగు, చెవులు రెండు, పెన్సిలు ఒకటి. అయినా ఒక్క మాట కింద పడకూడదు. నిమిషానికి నూట నలభై మాటలు షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించాలి. పొద్దున ఎముకల డాక్టరు వస్తాడు, మధ్యాహ్నం సిమెంటు కాంట్రాక్టరు వస్తాడు, ఎవరి భాష వాళ్ళది. ఏడ్చే సాక్షికి మాటలు ముక్కులోంచి వస్తాయి, అబద్ధం చెప్పే సాక్షికి మాటలు మరీ నున్నగా వస్తాయి. రెండింటికీ పెన్సిలు ఒకేలా నడవాలి. నవ్వొస్తే నవ్వకూడదు, ఏడుపొస్తే ఏడవకూడదు. తుమ్ముకీ, దాహానికీ, మిగిలినవాటికీ అన్నిటికీ వాయిదాయే. జడ్జిగారికి కునుకు వస్తే రావచ్చు, లాయర్లకి వస్తే అందరికీ మంచిది, ఆమెకి మాత్రం రాకూడదు.

ఇవన్నీ ఆమెకి పని నేర్పిన పెద్ద రిపోర్టరు మొదటి రోజే ఒక్క మాటలో చెప్పేశాడు. “చూడమ్మా, చెవి రాయాలి. బుర్ర రాయకూడదు. నీకు అర్థమైంది రాయకు, వినపడింది రాయి.”

ఆయనే ఇంకొకటి కూడా నేర్పాడు. మనుషులు సగం జవాబులు తలతో చెప్తారు. తల కదిపితే కాగితానికి వినపడదు. అందుకని రిపోర్టరు నోరు విప్పి అడగాల్సిన మాట ఒకటుంది. ఆమె దాన్ని వేలసార్లు అడిగింది. “తల ఊపితే కుదరదండీ. నోటితో చెప్పండి.” పోలీసు అధికారుల్ని అడిగింది, పేరున్న సర్జన్లని అడిగింది, ఎవరినీ లెక్కచేయని ఒక కోటీశ్వరుణ్ణి ఒకే పూటలో పదకొండుసార్లు అడిగింది. అతను పదకొండోసారి చేతులు జోడించి, “అవును తల్లీ, అవును, అవును” అన్నాడు. మూడుసార్లూ రాసుకుంది. అప్పటినుంచి లాయర్లు ఆమెని చాటుగా ‘నోటితో మేడం’ అని పిలుచుకునేవారు. చాటుగా పిలిచినదీ ఆమెకి వినపడేది. చెవులు అలాంటివి మరి. ఆ పేరు ఆమెకి నచ్చింది కూడా.

అడిగినా సాక్షి నోరు విప్పకపోతే? అప్పుడు ఊహించి రాయకూడదు. ‘సాక్షి జవాబు చెప్పలేదు’ అని రాయాలి. కోర్టులో మౌనం అవునూ కాదు, కాదూ కాదు. అది మౌనమే. దాన్ని ఎవరి ఖాతాలోనూ వేయడానికి వీల్లేదు.

ఇంట్లో ఈ నియమాలేవీ చెల్లేవి కావు. కొత్తలో ఆమె బాగానే మాట్లాడేది. అత్తగారు ‘కోడలు ఎదురు చెప్తోంది’ అనేవారు. భర్త ‘నేనెప్పుడన్నాను ఆ మాట?’ అనేవాడు. ఎప్పుడన్నాడో, ఏ గదిలో నిలబడి అన్నాడో, ఆ మాటకి ముందేమన్నాడో, తర్వాతేమన్నాడో ఆమె పొల్లుపోకుండా అప్పజెప్పేది. అది అబద్ధమాడటం కన్నా పెద్ద నేరమైపోయింది. “ఇది ఇల్లనుకున్నావా, కోర్టనుకున్నావా?” అని ఆయన తలుపు దడాలున వేసుకుని వెళ్ళిపోయేవాడు. ఏ జ్ఞాపకానికి కోర్టు జీతమిచ్చి కుర్చీ వేసిందో, ఇంట్లో అదే దుర్గుణమైంది. ఎందుకొచ్చిన గొడవ అని ఆమె మెల్లగా మాటలు తగ్గించుకుంది. కూతురు హాస్టలుకి వెళ్ళిపోయాక మరీ తగ్గిపోయాయి. ఉప్పు అందించనా, తలుపు వేశారా, ఇంతే. కోర్టులో నోటితో మేడం, ఇంట్లో నోట్లో నాలుక లేని ఇల్లాలు. ఈ రెండిటికీ మధ్య ఇరవై నిమిషాల బస్సు ప్రయాణం.

మెడ నొప్పి సంగతి శనివారం నాడు. ఆదివారం మధ్యాహ్నం బావగారూ, ఆడపడుచూ భోజనానికి వచ్చారు. మాట్లాడుకోవలసింది అత్తగారి గురించి. నెల కిందట పెద్దకొడుకు ఇంట్లో ఆవిడ కాలు జారి పడ్డారు. తుంటి ఎముకకి ఆపరేషనయింది. ఆస్పత్రి నుంచి తిన్నగా ఈ ఇంటికే తెచ్చారు. వెనకగదిలో మంచమూ, నడవడానికి నాలుగు కాళ్ళ ఊతకర్రా అమర్చారు. అప్పటినుంచి ఆమె పొద్దున ఐదింటికి లేచి అత్తగారికి ఒళ్ళు తుడిచి, టిఫిను పెట్టి, మాత్రలు మింగించి కోర్టుకి వెళ్ళేది. మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చి చూసేది. ఇక ఎల్లకాలం పక్కింటావిడ చూడదు కదా.

“అమ్మని చూసుకోడానికి ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉండాలి కదరా,” అన్నారు బావగారు చెయ్యి తుడుచుకుంటూ. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరో వెతకడానికి ఆయన కళ్ళు ఎక్కువ దూరం పోలేదు.

“తను మానేస్తుందిలే అన్నయ్యా,” అన్నాడు ఆమె భర్త. “ఇంకా ఎన్నేళ్ళు రాస్తుంది? పైగా మెడ నొప్పి అంటోంది, పాపం.”

నిన్న మెడ నొప్పే లేదన్న మనిషి! ఆమె అప్పటికి ఎంగిలి కంచాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన గ్లాసులు పెట్టి రెండు చేతులతో ఎత్తుకుని ఉంది. గురువారం నాడు ఆమె ఆయనకి ఒక సంగతి చెప్పింది. పెద్ద రిపోర్టరు రిటైరవుతున్నాడు, ఆ కుర్చీకి పంపే పేర్లలో నా పేరుంది, వచ్చే శుక్రవారం జాబితా పైకి వెళ్తుంది, వచ్చిందంటే కొత్తగా చేరేవాళ్ళందరికీ నేనే పని నేర్పాలి అని. ఆయన ఫోను చూసుకుంటూ ‘ఊఁ’ అన్నాడు. ఆ ‘ఊఁ’ ఏ బావిలో పడిందో మరి.

“వదినకి ఇష్టమేనా? ఒక మాట అడగండి,” అంది ఆడపడుచు. పాపం, ధర్మానికి అంది.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె గ్లాసుల వైపు చూసింది. చెప్పాలనే ఉంది. ఏం చెప్పినా ముందు ఈ కంచాలు ఎక్కడైనా దింపాలి, దింపే చోటు లేదు, పై గ్లాసు కొంచెం ఒరిగింది, దాన్ని గడ్డంతో ఆపాలి. అంతలో వంటింట్లో పాలు పొంగే చప్పుడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

“మౌనం అర్ధాంగీకారం అన్నారు,” అని ఆడపడుచు నవ్వింది.

“మా ఆవిడ సంగతి నాకు తెలీదా!” అన్నాడు ఆయన.

అర్ధాంగీకారమంటే సగమే కదా, మిగతా సగం ఎవరిచ్చారని ఆ గదిలో ఎవరికీ అనుమానం రాలేదు. పాలు దింపి వచ్చేసరికి వాళ్ళు రాజీనామా ఎలా రాయాలో మాట్లాడుకుంటున్నారు. వెనకగది తలుపు తీసే ఉంది. అత్తగారు మంచం మీద పడుకుని ఫ్యాను కేసి చూస్తున్నారు.

మర్నాడు సోమవారం. ఆ రోజు కోర్టులో బట్టలు కుట్టే ఒకావిడ కేసు నడిచింది. పద్నాలుగేళ్ళు భర్తతో కలిసి ఇంటి ముందుగదిలోనే కుట్టుదుకాణం నడిపింది. ఇప్పుడు ఇల్లూ దుకాణమూ రెండూ నావే అంటున్నాడు భర్త. ఆవిడ తనంతట తను వదిలిపెట్టి పోయింది కాబట్టి ఆవిడకి ఏ హక్కూ లేదని అతని లాయరు వాదన. కేసంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది: తనంతట తను.

ఆ లాయరు పెద్ద గొంతున్నవాడు. పొద్దున్నుంచీ ఆవిణ్ణి నిలబెట్టి అడుగుతూనే ఉన్నాడు. ఏ తేదీ, ఏ బట్ట, ఏ కుట్టుమిషను. ఆవిడ సన్నటి గొంతుతో అన్నిటికీ చెప్పింది. చివరికి అతను గొంతు బాగా తగ్గించి, ఇంట్లోవాడిలా అడిగాడు. “చూడమ్మా, ఆ రోజు తాళంచెవి గడప మీద పెట్టి నీ ఇష్టంతోనే వెళ్ళిపోయావు. అంతేగా?”

ఆ తర్వాత పేజీ తిరిగింది, ఇంకో ప్రశ్న వచ్చింది, భోజనాలకి కోర్టు లేచింది. సాయంత్రం రోజూలాగే నోటుపుస్తకం చివరి పేజీలో జడ్జిగారు పొడి సంతకం చేశారు. ఆ సంతకం పడ్డాక పుస్తకంలో ఒక్క గీత కూడా మార్చకూడదు. మార్చాలంటే నిండు కోర్టులో లేచి నిలబడి చెప్పాలి.

బుధవారం ఆమె సోమవారం నోట్సు టైపు చేసింది. చేసిన ప్రతిని కోర్టు గోడకి బిగించిన రికార్డింగు పెట్టెతో సరిచూసుకోవడం పద్ధతి. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వేలితో వరస వెంట వెళ్తోంది. పెద్ద గొంతు లాయరు ‘అంతేగా?’ అన్నాడు. ఆమె వేలు కింది వరస మీదికి జారింది. కాగితం మీద ‘జవాబు: అవును’ అని ఉంది.

చెవుల్లో మాత్రం అవును లేదు.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. ‘అంతేగా?’ తర్వాత ఎవరో కుర్చీ జరిపారు. ఫ్యాను టకటకమంది. ఎవరో దగ్గారు. తొమ్మిది సెకన్లు ఆవిడ గొంతు లేదు. పదో సెకనులో లాయరు ‘సరే, ఆ తర్వాత’ అంటున్నాడు. మూడోసారి విన్నది. నోటుపుస్తకం తీసి చూసింది. తన గీతే, తన పెన్సిలే, చక్కగా, వణుకైనా లేకుండా రాసి ఉంది, అవును అని.

ఇరవై రెండేళ్ళలో మాటలు జారిపోయాయి, అంకెలు తారుమారయ్యాయి, అవన్నీ అప్పటికప్పుడు దిద్దుకుంది. అనని మాట రాయడం మాత్రం ఏ రోజూ లేదు. నోటితో చెప్పండి అని ఎందుకు అడగలేదు? కోటీశ్వరుణ్ణి పదకొండుసార్లు అడిగిన మనిషి, ఈ పేద మనిషిని ఒక్కసారి ఎందుకు అడగలేదు? కళ్ళు మూసుకుని ఆ పూట గుర్తు చేసుకుంది. ఆవిడ తల దించుకుంది. చేతిలో చీరకొంగు నలుపుకుంటోంది. అడిగే గొంతు ఇంట్లోవాళ్ళ గొంతులా ఉంది. ఆడమనిషి తల దించుకుంటే ఏమిటర్థమో దానికి ముందురోజు, ఆదివారం మధ్యాహ్నమే తన ఇంట్లో తేల్చేశారు. చేతికి ఆ పాఠం ఎక్కేసింది. చెవి రాయలేదు, బుర్ర కూడా రాయలేదు, అలవాటు రాసేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. తన మౌనంలో మిగతా సగం ఎవరిచ్చారో తెలియదు గానీ, ఆవిడ మౌనంలో రెండు సగాలూ ఇచ్చేసింది మాత్రం తనే.

కాగితాలు పట్టుకుని పెద్ద రిపోర్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన బల్ల సొరుగులు ఖాళీ చేసుకుంటున్నాడు. అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“తల ఊపే ఉంటుందిలేమ్మా.”

“ఊపిందో, దించుకుందో నేను చూడలేదండీ. వినపడలేదు, అయినా రాశాను.”

“ఆ లాయరు ఏమీ అనలేదు. ఆవిడ లాయరూ అనలేదు. జడ్జిగారి సంతకం కూడా పడిపోయింది. నువ్వు కాకపోతే ఆ పెట్టె ఇంకెవరు వింటారు?” ఆయన గొంతు తగ్గించాడు. “శుక్రవారం జాబితా వెళ్తోంది. రేపు నువ్వు లేచి తప్పు రాశానని చెప్తే అది నీ ఫైల్లోకి ఎక్కుతుంది. నీ పేరు కొట్టేసినా కొట్టేస్తారు. ఆలోచించుకో.”

“మీరే కదండీ నేర్పారు, అర్థమైంది రాయకూడదని.”

ఆయన ఏమీ అనలేదు. ఆమె ఆయన మొహం కేసి చూస్తూ కాసేపు నిలబడింది. ఇది అవునో కాదో ఊహించుకోబుద్ధి కాలేదు. “ఏదో ఒకటి నోటితో చెప్పండి,” అంది.

పెద్దాయనకి నవ్వొచ్చింది. “చెప్పు. వెళ్ళి చెప్పు,” అన్నాడు.

గురువారం కుట్టుపని ఆవిడ కేసు పిలవగానే ఆమె తన చిన్న కుర్చీలోంచి లేచి నిలబడింది. కోర్టు మొత్తం ఆశ్చర్యపోయింది. కుర్చీ లేచి నిలబడితే ఎంత ఆశ్చర్యపోతారో అంత. జడ్జిగారు కళ్ళద్దాల మీదుగా చూశారు.

“ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది సర్. సోమవారం నాటి నోట్సులో నా వల్ల ఒక తప్పు జరిగింది. అది సరిదిద్దడానికి అనుమతి కావాలి.”

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. కోర్టులో ఎవరేమన్నా రాయాల్సింది ఆమె. ఇప్పుడు అంటున్నదే ఆమె. రిపోర్టరు మాటలు రికార్డులో ఉండవు, నోటితో చెప్పండి అన్నది కూడా ఉండదు. ఈ మాటలు మాత్రం ఉండి తీరాలి. ఆమె వంగి పెన్సిలు తీసుకుంది. నిలబడే, నోటుపుస్తకం ఎడమచేతిలో పట్టుకుని, తను అంటున్న మాటలు తనే రాసుకుంటూ చెప్పింది. ఎడమ పక్కన, మామూలుగా ‘లాయరు’ అనో ‘సాక్షి’ అనో రాసే చోట, జీవితంలో మొదటిసారి ‘రిపోర్టరు’ అని రాసింది.

“రిపోర్టరు: గడప మీద తాళంచెవి పెట్టి ఇష్టంతోనే వెళ్ళిపోయావా అన్న ప్రశ్నకి జవాబు అవును అని నేను రాశాను. సాక్షి ఆ మాట అనలేదు. ఏ మాటా అనలేదు. రికార్డింగులో తొమ్మిది సెకన్ల మౌనం ఉంది. అక్కడ ‘సాక్షి జవాబు చెప్పలేదు’ అని ఉండాలి.”

తన మాటలు తన చేతి కింద వరసగా పడుతుంటే ఆమెకి చిత్రంగా అనిపించింది. భయం వేస్తుందనుకుంది. వేయలేదు. ఎంత కుదురైన వాక్యాలు, ఒక్కటీ తడబడలేదు! ఇన్నేళ్ళూ అందరి మాటలూ మోసిన చెయ్యి, సొంత మాట మోయడానికి ఏమంత కష్టపడలేదు.

పెద్ద గొంతు లాయరు ఎగిరిపడ్డాడు. “సర్, సాక్షి తల ఊపింది! మేమంతా చూశాం!”

“చూశారా?” అన్నారు జడ్జిగారు. “చూసినవారు అప్పుడే చెప్పి రాయించుకోవాల్సింది. ఇప్పుడు గుర్తొచ్చిందా?” ఆమె వైపు తిరిగి, “మీ తప్పు మీ ఫైల్లో రాయక తప్పదు. మీరే లేచి చెప్పారన్నది కూడా రాస్తాను,” అని, సాక్షిని పిలిపించి ఆ ప్రశ్న మళ్ళీ అడగమన్నారు.

లాయరు అడిగాడు. ఈసారి గొంతు తగ్గించలేదు. కుట్టుపని ఆవిడ బోనులో నిలబడి ఎప్పట్లాగే తల దించుకుంది. ఒక సెకను, రెండు సెకన్లు.

“తల దించుకుంటే రాయడం కుదరదమ్మా,” అంది రిపోర్టరు. “నోటితో చెప్పు. ఎంతసేపైనా ఆగుతాను.”

ఆవిడ తలెత్తి లాయరుని కాదు, రిపోర్టరునే చూసింది. ఆ పెన్సిలు నిజంగానే ఆగి తన కోసం చూస్తోంది. ఇంతవరకూ ఈ ప్రపంచంలో ఆవిడ మాట కోసం ఏదీ ఆగలేదేమో, చివరికి కుట్టుమిషను కూడా.

“ఇష్టంతో ఎవరు వెళ్తారండీ?” అంది ఆవిడ. “నేను బట్ట కొనడానికి బజారుకి వెళ్ళొచ్చేలోపు తలుపుకి తాళం మార్చేశారు. నా దగ్గరున్న తాళంచెవి పట్టలేదు. పట్టని తాళంచెవి నాకెందుకు? గడప మీద పెట్టేసి వచ్చాను. మొన్న అడిగినప్పుడు వీధిలో అందరి ముందూ అలా నిలబడ్డది గుర్తొచ్చి నోరు పెగల్లేదు. అంతే.”

ఆమె రాసింది. ‘అంతే’ కూడా రాసింది. నవ్వకూడదు, ఏడవకూడదు, మొహం మామూలుగానే ఉంచింది గానీ, ఆ పేజీలో పెన్సిలు కొంచెం ఎక్కువ నొక్కుకుంది. మధ్యాహ్నం పెద్ద రిపోర్టరు జాబితా చూపించాడు. ఆమె పేరు ఉంది. పేరు పక్కన తప్పు గురించి ఒక వాక్యం, తప్పు ఒప్పుకోవడం గురించి రెండు వాక్యాలు జడ్జిగారి చేత్తో ఉన్నాయి. పైవాళ్ళు ఏది చదువుతారో పైవాళ్ళ ఇష్టం.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భర్త వెనకగదిలో తల్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో ఒక కాగితం. టైపు చేయించిన రాజీనామా. కింద సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టి మరీ ఉంచాడు.

“నీకు శ్రమ లేకుండా నేనే చేయించేశాను. ఇక్కడ సంతకం పెడితే చాలు.”

ఆమె చేతిసంచీ దింపింది. ఈసారి చేతుల్లో కంచాలు లేవు. “ఏమని చేయించారు?”

“ఆదివారం అనుకున్నాం కదా అందరం. నువ్వు కాదనలేదుగా.”

“కాదనలేదు. అవుననీ అనలేదు. ఏమీ అనలేదు.”

“అంటే ఒప్పుకున్నట్టే కదా!”

“కాదు. ఏమీ అనలేదంటే ఏమీ అనలేదనే. అడగాలనుకుంటే మళ్ళీ అడగండి, చెప్తాను.”

ఆయన ఆమెని వింతగా చూశాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆమెని ఎన్నో చెయ్యమన్నాడు గానీ, చేస్తావా అని అడిగిన గుర్తు లేదు. ఆ ప్రశ్న నోట్లోంచి ఎలా వస్తుందో ఆయనకే తెలియనట్టుంది. గొంతు సవరించుకున్నాడు. “సరే. ఉద్యోగం... మానేస్తావా?”

“మానను.”

ఆయన వెంటనే తల్లి వైపు తిరిగాడు. “విన్నావా అమ్మా? నిన్నెవరు చూస్తారో ఆలోచన లేదు!”

ఆమె కూడా అత్తగారి వైపు తిరిగింది. అప్పుడు తట్టింది ఆమెకి, ఆదివారం అంత గొడవలో ఒక సాక్షిని ఎవరూ పిలవనే లేదని. “అత్తయ్యా, ఈ ఏర్పాటు గురించి మిమ్మల్ని ఎవరైనా అడిగారా?”

“నన్నెవరడుగుతారు?” అన్నారు అత్తగారు తడుముకోకుండా, ఎన్నాళ్ళనుంచో నోట్లోనే పెట్టుకున్నట్టు. “పెద్దాడు నన్ను చిన్నాడికి అప్పజెప్పాడు, చిన్నాడు నిన్ను నాకు అప్పజెప్తున్నాడు. ఇంట్లో బీరువా జరిపేవాళ్ళు కూడా కాస్త చోటు చూసుకుని జరుపుతారు.”

“అది కాదమ్మా, నీ మంచి కోసమే...”

“నా మంచి నన్ను చెప్పనీ. ఈ పిల్ల రోజంతా ఇంట్లో ఉంటే నాకేం ఒరుగుతుంది? నోరు విప్పదు. దీనికన్నా గోడ నయం, ఆనుకోడానికైనా పనికొస్తుంది. ఆస్పత్రిలో నాకు నడక నేర్పినావిడ ఉంది చూడు, వసపిట్ట, దాని నోరు మూతపడదు. పగలు వచ్చి ఉంటావా అంటే ఉంటానంది. నాకు ఆవిడ కావాలి.” కోడలి వైపు చూడకుండా, “కొత్తలో ఇదీ మాట్లాడేది. ఎదురు చెప్తోందన్నాను నేనే. అదీ చెప్పాలిగా,” అన్నారు.

ఆమెకి ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఇది కోర్టు కాదు కదా, నవ్వేసింది. తనని గోడ అన్నందుకు కోపం కూడా వచ్చింది, ఆ కోపం చాలా హాయిగా ఉంది. ఆయన ఒళ్ళోంచి కాగితం తీసుకుని, నిలువుగా మడిచి, అడ్డంగా మడిచి, అత్తగారి ఊతకర్ర ఒక కాలు కుదురుగా ఆనక ఊగుతుంటే దాని కింద సర్దింది. ఊగడం ఆగింది.

“పొద్దున పనులు నేను చూస్తాను, ఇప్పుడు చూస్తున్నట్టే,” అంది. “పగలు ఆవిడ ఉంటుంది. సాయంత్రం ఐదింటికి మీరు ఇంటికొచ్చి అత్తయ్యని వసారాలో నాలుగుసార్లు నడిపించాలి, మాత్రలివ్వాలి. నాకు కోర్టు ఎప్పుడు లేస్తే అప్పుడే రావడం. ఇది మీకు ఇష్టమేనా?”

ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ ఫ్యాను కేసి చూస్తున్నారు. ఊతకర్ర కింది కాగితం వైపు చూశాడు. ఏ దిక్కునా పాలు పొంగడం లేదు. ఇంకేం చేయాలో తోచక ఆయన తలని పైకో, కిందికో, పక్కకో ఏదో కాస్త కదిపాడు.

ఆమె కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది.

“తల ఊపితే కుదరదండీ,” అంది. “నోటితో చెప్పండి.”